ఎడమ చక్రం నేనే సరిచేశాను

కొత్త టైర్లు వేయించి ఏడాది తిరగలేదు, ముందు ఎడమ టైరు లోపలి అంచు నున్నగా అరిగిపోయింది. కారు తిన్నగా పోతున్నా స్టీరింగ్ మాత్రం ఒక పక్కకు వాలి ఉండేది. నేను మైలవరంలో హైస్కూలు పిల్లలకు లెక్కలు చెబుతాను. విజయవాడ నుంచి రోజూ ఆ కారులోనే వెళ్ళొస్తాను.

ఆటోనగర్‌లో ఒక షెడ్డుకు తీసుకెళ్తే చక్రాల అలైన్‌మెంట్ చేశామన్నారు. మర్నాడు చూస్తే స్టీరింగ్ వాలే ఉంది. మళ్ళీ వెళ్ళాను. యజమాని నా మాట సగంలోనే ఆపేసి, "సార్‌కి ఫోన్ కలపండి మేడమ్, ఆయనకి చెప్తాను" అన్నాడు. కలిపాను.

"బండిలో లోపమేం లేదు సార్. మేడమ్ గుంటలు చూసుకోకుండా తోలేస్తున్నారు."

స్పీకర్‌లో మా ఆయన నవ్వు వినిపించింది. "నాకు తెలుసండీ. చెబితే వింటుందా?"

ఒళ్ళు మండిపోయింది. ఇంటికి వస్తుంటే బెంజ్ సర్కిల్ దగ్గర సిగ్నల్ పడింది. స్టీరింగ్‌ను పిడికిలితో గుద్దాను. షెడ్డువాడి మీద కన్నా ఆ నవ్వు మీదే ఎక్కువ కోపం వచ్చింది.

వారమంతా వీడియోలు చూశాను. ఆదివారం పొద్దున అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో కారు తిన్నగా నిలిపి, స్టీరింగ్ తిన్నగా పెట్టి కదలకుండా కట్టేశాను. కారుకు రెండు పక్కలా చక్రాల ఇరుసు ఎత్తులో నైలాన్ దారాలు లాగాను. ఒక దారం కొస పట్టుకోవడానికి మా అత్తగారు కిందికి వచ్చారు.

"ఎందుకే ఈ యుద్ధం? ఇంకో షెడ్డుకి తీసుకెళ్ళరాదూ?"

"అక్కడా మీ అబ్బాయికే ఫోన్ చెయ్యమంటారు అత్తయ్యా."

ఆవిడ దారం గట్టిగా పట్టుకున్నారు.

స్కేలు పెట్టి కొలిచాను. కుడి చక్రం బాగానే ఉంది. ఎడమ చక్రం ముందు అంచు దారానికి దగ్గరగా, వెనక అంచు దూరంగా ఉన్నాయి. అంటే చక్రం బయటికి తిరిగి ఉంది. నా తోలకం కాదు, వాళ్ళు ముట్టుకోని పని! చక్రాన్ని స్టీరింగ్‌తో కలిపే కడ్డీకి ఉన్న నట్టు తుప్పు పట్టి ఊడిరాలేదు. నూనె పోసి, స్పానర్ మీద బరువంతా వేశాను. అది జారి వేలి కణుపులు చీరుకుపోయాయి. పంటి బిగువున మళ్ళీ పట్టాను. నట్టు వదిలింది. కడ్డీ కాస్త తిప్పడం, కారు ముందుకీ వెనక్కీ కదిపి మళ్ళీ కొలవడం. రెండు అంచులూ సమానం కాగానే నట్టు బిగించేశాను.

బైపాస్ మీద నడిపి చూశాను. స్టీరింగ్ తిన్నగా నిలిచింది. సంతోషం రావాలి. కోపమే వచ్చింది, ఇంత చిన్న పనికా నన్ను అన్ని మాటలన్నారు అని.

సాయంత్రం ఎదురు ఫ్లాట్ ఆయన లిఫ్ట్ దగ్గర మా కారు బాగైందా అని అడిగారు. "ఆటోనగర్‌లో చేయించామండీ" అన్నాడు మా ఆయన, నేను పక్కనుండగానే.

"చేయించలేదు. నేనే చేశాను" అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది.

ఎదురింటాయన ఇబ్బందిగా నవ్వారు. "అయితే మా బండి కూడా చూడాలి మేడమ్."

"దానిదేముందండీ, వచ్చే ఆదివారం చూస్తుంది" అనేశాడు ఈయన.

"నేను చూడను" అని మెట్లెక్కి పైకి వచ్చేశాను. ఆ రాత్రి మా ఆయన అలిగి అన్నం తినలేదు. నేను వడ్డించుకుని కడుపునిండా తిన్నాను.