జపాన్ జాలరి పటం

పాండిచ్చేరిలో పటాలు కట్టడం నా పని. మా షాపుకు పెళ్లి ఫోటోలు ఎప్పుడో ఒకటీ అరా వస్తాయి గాని, పోయినవాళ్ల ఫోటోలకు కొదవ లేదు. అద్దం తుడిచి, నుదుటి దగ్గర గంధం బొట్టు మేమే పెట్టి ఇస్తాం. అది చూస్తే చాలు, ఇంటికి వచ్చినవాళ్లు ఆ మనిషి ఏడీ అని అడగరు.

మా తమ్ముడికి మాత్రం ఆ బొట్టు పెట్టలేకపోయాను. పనిచేసే బట్టల మిల్లు మూతపడ్డాక వాడు కాలాపేట చేపల పడవల్లో కూలికి పోయేవాడు. మూడేళ్ల కిందట పడవ తిరగబడింది. శవం దొరకలేదు. "శవం యాడ్రా? చూపించు, అప్పుడు కడుదువు పటం" అని అమ్మ వాడి ఫోటో బీరువాలో దాచేసింది. రోజూ వాడి కంచం కడిగి బోర్లిస్తుంది. ఆ చప్పుడు వింటే నాకు ఒళ్లు మండేది.

అప్పుడే ఫ్రెంచి వీధుల్లో ఉండే ఒక పెద్దావిడ జపాన్ బొమ్మ ఒకటి తెచ్చింది. చెక్క మీద చెక్కి, రంగు పూసి, కాగితం మీద అద్దిన బొమ్మ. అంచులు కత్తిరించొద్దని మరీ మరీ చెప్పి, దాని కథ కూడా చెప్పి పోయింది. ఒక జాలరి తాబేలు ఎక్కి సముద్రం అడుగున రాజభవనానికి పోయాడట. మూడేళ్లుండి తిరిగొస్తే, ఊళ్లో మూడువందల ఏళ్లు గడిచిపోయాయి. అక్కడి రాజకుమారి తెరవొద్దని చెప్పి ఇచ్చిన పెట్టె తెరిచాడు, వయసంతా ఒక్కసారి మీద పడింది.

బొమ్మలో ఉన్నది ఆ క్షణమే. పెట్టెలోంచి లేచిన పొగకు రంగే వేయలేదు, ఉత్త కాగితాన్ని వదిలేశారు. పైన చిక్కగా ఉన్న నీలం కిందికి వచ్చేసరికి పలచబడింది. అందులో చెక్క నారలు కూడా అలల్లా కనబడుతున్నాయి. చేతులింకా పడుచువాడివే, ముఖం ముసలివాడిది. గడ్డంలో ఒక్కో వెంట్రుకనూ చెక్కలో నిలబెట్టిన ఆ పనివాడికి దండం పెట్టాలనిపించింది. ఇన్నేళ్ల పనిలో ఒక పటం చూసి చేతులు ఆగిపోవడం నాకు అదే మొదలు.

మధ్యాహ్నం అమ్మ క్యారియర్ తెచ్చింది. "ఏందిరా ఈ బొమ్మ?" అంది. కావాలనే కథంతా చెప్పాను. సముద్రంలోకి పోయినవాడు మనకిక దక్కడని ఇట్లాగైనా తలకెక్కుతుందనుకున్నాను. తానొకటి తలిస్తే దైవమొకటి తలచిందట.

"వచ్చినాడు గదా," అంది అమ్మ.

"వచ్చి ఏం లాభం మా? అమ్మ లేదు, ఇల్లు లేదు."

"అదే. వాళ్లమ్మ పోయిందని చెప్పేదానికి ఎవురూ లేకపోయిరి. ఊరంతా ఎతుక్కోని ఉంటాడు పాపం."

మర్నాడు అమ్మ తన ఫోటోనే తెచ్చి బల్ల మీద పెట్టి, "కట్టు" అంది. బతికుండగా ఒంటి మనిషి పటం మాలో ఎవరూ కట్టించుకోరు. అరిచాను, తిట్టాను. నిజానికి భయమేసింది. ఆమె బల్ల దగ్గరనుంచి కదల్లేదు. చివరికి కట్టి చేతికిచ్చాను.

అమ్మ అద్దం మీద నుదుటి దగ్గర వేలితో తడిమింది.

"బొట్టు పెట్టలేదేందిరా? నేను లేనని వాడికెట్ల తెలుస్తాది?"