గుండె లెక్కలో తేలిన రెండేళ్ళు

ఏటా పెరటాసి నెల మూడో శనివారం నేను అలిపిరి నుంచి తిరుమల కొండకు నడిచి వెళతాను. నేను పుట్టింది ఆ శనివారమే. పోయినేడు మోకాళ్ళ పర్వతం దగ్గర ఆయాసం వచ్చి కూలబడ్డాను. వెంట ఉన్న నా కూతురు హడలిపోయింది. ఈ ఏడు ముందే తేల్చి చెప్పింది.

"గుండె పరీక్ష చేయించుకో మా. డాక్టరు సరే అంటే నేను గూడా నీతో నడుస్తా. లేదంటే బస్సే."

సోమవారం తిరుపతిలో ఒక ఆసుపత్రికి వెళ్ళాం. ఈసీజీ బాగుంది. ఇక ట్రెడ్‌మిల్ మీద నడవాలి. చీరతో కుదరదన్నారు. జన్మలో మొదటిసారి చుడీదార్ తొడుక్కున్నాను, అదీ కూతురిది. ఛాతీకి వైర్లు అంటించారు. ముప్పై మూడేళ్ళు పిల్లలకు లెక్కల పరీక్షలు పెట్టినదాన్ని. నాకు పరీక్ష పెట్టేవాళ్ళు ఇన్నాళ్ళకు దొరికారని లోపల ఒకటే ఉత్సాహం.

కుర్ర డాక్టరు పద్ధతి చెప్పాడు. రెండు వందల ఇరవైలోంచి వయసు తీసేయాలి. మిగిలినదాంట్లో నూటికి ఎనభై ఐదు వంతులు కట్టాలి. నిమిషానికి గుండె అన్నిసార్లు కొట్టుకునేదాకా నడిపిస్తారు. మూడు నిమిషాలకోసారి వేగమూ ఎత్తూ పెరుగుతాయి.

"మీకు డెబ్బై రెండు. నూట ఇరవై ఆరు వస్తే సాలు అవ్వా."

"అది ఆధార్‌లో. నాకు డెబ్బయ్యే" అన్నాను. బళ్ళో చేర్చుకోరేమోనని మా నాయన రెండేళ్ళు కలిపి రాయించాడు. ఆ కారణంగానే రెండేళ్ళు ముందే ఉద్యోగం దిగిపోయాను.

డాక్టరు నవ్వాడు. "వయసు తగ్గించి చెప్పేది మామూలేలే."

"తగ్గిస్తే నాకు కష్టం పెరుగుతాది నాయనా. లెక్క వేసి సూడు. నూట ఇరవై ఎనిమిది రావాల."

"మా, ఆ రెండూ యాడికి తీసకపోతావు?" అని కూతురు నెత్తి కొట్టుకుంది.

మొదటి మూడు నిమిషాలు వీధిలో నడిచినట్టే ఉంది. తర్వాత చెమట పట్టింది. మూడో ఎత్తుకు పిక్కలు లాగాయి, ఊపిరి బరువెక్కింది. తెర మీద అంకె మాత్రం పెరుగుతూనే ఉంది. నూట పందొమ్మిది. నూట ఇరవై రెండు.

"ఎదలో నొప్పేమన్నా ఉండాదా అవ్వా?" అంది నర్సు.

"లేదు. పక్కకు జరుగు, అంకె కనపడలే."

నూట ఇరవై ఆరు రాగానే ఆమె చెయ్యి మీట మీదికి పోయింది. "ఆపొద్దు" అన్నాను. డాక్టరు గుండె గీతలు చూసి, "పోనీ, బాగుండాది" అన్నాడు. నూట ఇరవై ఏడు దగ్గర అంకె మొండికేసింది. ఒక మెట్టు దిగింది. మళ్ళీ ఎక్కింది. నూట ఇరవై ఎనిమిది కనపడ్డాక, ఇక చాలని నేనే చెప్పాను.

కూర్చున్నాక గుండె త్వరగానే నెమ్మదించింది. అది మంచి గుర్తట. "పోయినేడు ఏం తిని ఎక్కినారు?" అని అడిగాడు డాక్టరు. శనివారం ఉపవాసం, నీళ్ళు కూడా తాగలేదని చెప్పాను.

"ఈసారి తిని, తాగి ఎక్కండి. మాట వచ్చేంత నెమ్మదిగా నడవాల. మాట రాకుంటే కూర్సోవాల."

బయటికి వచ్చాక కూతురు తన చెప్పులు తిప్పి అడుగు అరిగిందేమో చూసుకుంది. ఇప్పుడు తనూ నడవాలి కదా.

"శనివారం ఎన్నింటికి లేయాల మా?"

"మూడింటికి."

"అది నీ లెక్కా, ఆధార్ లెక్కా?"