సగానికే వచ్చిన చీర

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, చెల్లెలి పెళ్లికని ధర్మవరంలో చీరలమ్మే ఒకాయన ఇంటికి వెళ్లాను. హిందూపురంలో మాది కిరాణా అంగడి. ఎవరే ధర చెప్పినా సగానికి అడగడం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. ఆ సగానికి ఎవరూ ఇవ్వరనీ తెలుసు. అక్కడా నచ్చిన చీరను సగానికే అడిగాను.

పదేళ్ల పాప నీళ్లు తెచ్చింది. ఆయన అన్న కూతురట, తల్లీ తండ్రీ లేరట. చెంబు అందిస్తుంటే ముంజేతి మీద కాలిన మచ్చలు కనిపించాయి. గుండ్రంగా, ఒకే వరసలో నాలుగు.

"ఏమైంది పాపా?"

పాప ఆయన వైపు చూసింది.

"పొయ్యికాడ కాల్చుకునిందిమ్మా," అన్నాడాయన. ఆ వెంటనే, "చీర నువ్వడిగిన రేటుకే తీసుకపో."

నా తెలివికి నేనే మురిసిపోయి బస్సెక్కాను. పక్క సీటులో ఆమెకు చీర చూపించి గొప్పలు పోయాను. పెనుకొండలో బస్సు ఆగినప్పుడు ఆమె నవ్వింది. "ఒక్క మాటకే సగానికిచ్చినాడా? వాని గుట్టేమన్నా పట్టుకున్నావా ఏంది?"

పాప చేతి మీది నాలుగు మచ్చలు గుర్తొచ్చాయి. ఆయన నా నోరు కొనుక్కున్నాడు. నేనేమో జరీ చూసుకుంటూ కూర్చున్నాను.

అక్కడే దిగి, తిరిగి ధర్మవరం బస్సెక్కాను.

పోలీసు స్టేషన్‌లో ఎస్సై అడిగాడు: "కాల్చంగా చూసినావా?"

"లేదు సార్. మచ్చలు చూసినా."

"పొయ్యిదే అయితే?"

"పొయ్యి వరస పెట్టి కాలుస్తాదా సార్?"

ఆయన కాగితం నా ముందుకు తోశాడు. "రాసి సంతకం పెట్టు."

"పేరు లేకుండా కాదా సార్? అంగడోళ్లం. మా నాయనకు తెలిస్తే..."

"ఇదేం సంతనామ్మా? నిజమో కాదో తేల్చేది మా పని. చూసింది చెప్పేది నీ పని."

అక్కడ కూడా బేరమాడినందుకు ఇప్పటికీ సిగ్గే. సంతకం పెట్టాను.

మహిళా కానిస్టేబులుతో ఆ ఇంటికి వెళ్లేసరికి పాప వాకిట్లో గిన్నెలు తోముతోంది. నా వెనకున్న ఖాకీ బట్టలను చూడలేదు. నా చంకలోని పొట్లాన్నే చూసింది.

"చీర వాపసిచ్చేకి వచ్చినావా అక్కా? ఇయ్యద్దు. పోయిన తూరి ఒకామె వాపసిస్తే, నా వల్లే బేరం చెడిందని బీడీతో..." అని చెయ్యి వెనక్కు దాచుకుంది.

కానిస్టేబులు ముందుకొచ్చి పాప పక్కన కూర్చుంది. "ఈ పొద్దు నువ్వు ఈడ ఉండద్దులే. మాతో వస్తావా?"

పాప నన్నే చూస్తోంది. "అయితే చీర ఇయ్యవు కదా?"

ఇయ్యనన్నాను.