తప్పులు దిద్దిన పుస్తకం

మలయాళంలో పిల్లల నవల ఏది కొత్తగా వచ్చినా, మా ఊరి గ్రంథాలయంలో ముందు చదివేది డెబ్బై దాటిన తంకమణి టీచరే. చీర చెంగుతో కళ్ళద్దాలు తుడుచుకుంటూ చదువుతారు. అచ్చుతప్పు కనబడితే పెన్సిలుతో దిద్దిగాని పేజీ తిప్పరు. మొన్న ఆవిడ ఒక కొత్త నవల చదవడం ముగించగానే కార్యదర్శి కుంజిరామన్ నసిగాడు: "టీచర్, ఇందులో మేనమామే ఒక పిల్ల మీద చెయ్యి వేస్తాడట. ఇలాంటి తప్పు రాతలు పిల్లలు చదవచ్చా? పై అరలో పెట్టేద్దాం."

"తప్పులు రెండే ఉన్నాయి. దిద్దేశాను," అంటూ ఆవిడ పట్టేసిన మోకాళ్ళతోనే వంగి, పుస్తకాన్ని పిల్లలకందే కింది అరలో పెట్టారు. "మేనమామ గడపలో కనబడితే లేచి నిలబడాలని నాకు చిన్నప్పుడే నేర్పారు, కుంజిరామా. లేచి పారిపోవచ్చని మాత్రం ఎవరూ చెప్పలేదు."