తువ్వాలు కింద గడిచిన సెలవు

యుద్ధం రోజుల్లో చిత్తూరులో నాకొక బెల్లం మండీ ఉండేది. పని ఎక్కువై అలసిపోయి, మండీకి తాళం వేసి, పాకాల దగ్గర అత్తగారి పల్లెలో మూడు రోజులు జమీందారులా పడుకున్నానని మనవళ్లకు చెబుతుంటాను. నా గురకకు పెరట్లో కోళ్లు మేత మానేశాయని కూడా చెప్పాను. కోళ్ల మాట అబద్ధం. మూడు రోజుల మాట కూడా, కొంచెం.

నేను వేసుకున్న పథకం మాత్రం నిజంగా గొప్పది. పొద్దున చద్దన్నం, నిద్ర. మధ్యాహ్నం సంగటి, మళ్లీ నిద్ర. సాయంత్రం మామతో కబుర్లు. మా ఆవిడ అంతా విని ఒక్క షరతు పెట్టింది. పెళ్లయి ఏడేళ్లయినా నేను వాళ్లింట ఒక్క రాత్రి నిలవలేదు మరి.

"ఈ మూడు దినాలూ బేరమనే మాట నీ నోట రాకూడదు. వచ్చిందా, నువ్వు పో. నేను ఆడనే ఉండిపోతా."

నవ్వుతూనే అంది గానీ, మూడు రోజులకు ఆరు చీరలు సర్దుకోవడం నేను చూశాను.

నేను చేసిన తప్పల్లా చెరకు ఆడే కాలంలో సెలవు పెట్టుకోవడం. మొదటిరోజు వసారాలో మంచం మీద వాలానో లేదో, పక్క తోటలో బెల్లం వండే పెద్ద పెనం మీద పాకం కాగే వాసన వచ్చింది. ఆ వాసనకు నిద్రపట్టే బెల్లం వ్యాపారి ఇంకా పుట్టలేదు. అయినా కళ్లు మూసుకునే ఉన్నాను. సాయంత్రం ఆ తోట రైతే బెల్లం ముద్ద పట్టుకుని వచ్చాడు.

"సూడప్పా, రంగు ఎట్లుండాదో!"

నేను నోరు విప్పలేదు. భుజం మీది తువ్వాలు తీసి మా ఇద్దరి చేతుల మీదా కప్పాను. మా వ్యాపారంలో ధర పైకి చెప్పరు. తువ్వాలు కింద ఎదుటివాడి వేళ్లు నొక్కి తెలుపుతారు. రైతు తల అడ్డంగా ఊపాడు. నేను ఇంకో వేలు నొక్కాను. అప్పుడే మా ఆవిడ గడపలోకి వచ్చింది.

"ఏం చేస్తా ఉండారు?"

"ఏం లేదు. పలకరించుకుంటా ఉండాం."

"పలకరింపుకు తువ్వాలెందుకయ్యా? చేతులకు చలా?"

రైతు అమాయకుడు. "కాదమ్మా, ఇంకొక్క వేలు పెడితే సరుకంతా ఆయనకే" అన్నాడు.

"నా నోట మాట వచ్చిందా?" అని నేను దబాయించాను.

"లేదమ్మా, నేను సూస్తానే ఉండా కదా" అని మామ నవ్వు ఆపుకుంటూ సాక్ష్యం పలికాడు.

ఆమె లోపలికి పోయి నా పెట్టె ఒక్కటే తెచ్చి మంచం మీద పెట్టింది.

మర్నాడు పొద్దున బెల్లం బండి మీద నేనొక్కణ్ణే బయలుదేరాను. అవును, ఆ ఇంకో వేలు కూడా నొక్కాను.

"ఎప్పుడొస్తావు?" అన్నాను.

"నిద్ర తీరినంక."

నీకేం నిద్ర అనబోయి ఆగాను. మండీకి వచ్చే బండ్లవాళ్లందరికీ ఏడేళ్లుగా వండిపెట్టింది ఆమె. అలసిపోయానని ఊరంతా చెప్పుకున్నది నేను. మండీకి చేరాక నా వంట ఒక పూట తిని బండ్లవాళ్లు హోటలు దారి పట్టారు.

పదిహేనో రోజు నేనే వెళ్లాను. మిట్టమధ్యాహ్నం, వసారాలో ఆదమరిచి నిద్రపోతోంది. లేపలేదు. మూడు గంటలు కదలకుండా మెట్టు మీద కూర్చున్నానని చెబుతాను గానీ, గంటే. ఆ గంటలోనూ పెనం వైపు పోదామని ఒకసారి లేచాను. మళ్లీ కూర్చున్నాను.