కొహిమాలో నీళ్లు మోసిన తాత

చీడికాడ వెళ్లే బస్సు కిటికీలోంచి ఉడికే చెరకు పాకం వాసన తగిలితే చాలు, నాకు డెబ్బై ఏళ్లన్న సంగతే మరచిపోతాను. మాఘమాసపు చలి పొద్దులు, కిర్రుమనే గానుగ, పెనం చుట్టూ పొగ, చెరకుముక్క పాకంలో ముంచి నాలుక కాల్చుకునే మా పిల్లమూక, మమ్మల్ని అదిలిస్తూనే ఇంకో ముక్క చేతికిచ్చే తాత, అన్నీ ఒక్కసారి మీదపడతాయి.

తాత అంటే అమ్మ వాళ్ల నాన్న. పడుచుతనంలో పటాలంలో పనిచేశాడు. బర్మా మీదుగా జపానువాళ్లు మన గడ్డ మీదికొచ్చినప్పుడు కొహిమా కొండ మీద వాళ్లని ఆపిన దళంలో ఉన్నాడు. అక్కడ దెబ్బ తిన్నాకే వాళ్లు వెనక్కి తిరిగారట. నాకు ఆ మాత్రం చాలు. మిగతాది నేనే అల్లి, తాత ఒక్కడే ఫిరంగి పేల్చి జపాను సైన్యాన్ని తరిమేశాడని బడంతా టముకు వేశాను. చింతపిక్కలాటలో ఓడినా ఆ కథతో గెలిచేదాన్ని.

పంద్రాగస్టుకి మేష్టారు తాతనే బడికి పిలిచారు. ముందురోజు "ఫిరంగి పేల్సేనని సెప్పు తాతా, నా పరువు పోద్ది" అని కాళ్లా వేళ్లా పడ్డాను. తాత నవ్వాడు.

"ఎంతమందిని సంపేవు తాతా?" అని మర్నాడు బడిలో మా తరగతి కుర్రాడొకడు అడగనే అడిగాడు.

"నేను తుపాకీ పేల్సనేదు బాబూ. కొండ మీదోల్లకి నీల్లు మోసేను."

పిల్లలు గొల్లుమన్నారు. నేను తలెత్తలేదు. తాత మాత్రం తన ధోరణిలో తాను చెప్పుకుపోయాడు.

"సుట్టూ శత్రువులే. మడిసికి రోజుకి గలాసుడు నీల్లు. ఓనాడు పదిమందికి పోసేను. పదకొండోవోడు సెయ్యి సాపేడు. డబ్బా కాలీ. తెల్లారి ఎల్లేసరికి ఆడు సచ్చిపోయేడు."

అప్పుడెవరూ నవ్వలేదు. నాకు మాత్రం కోపం తగ్గలేదు. వారం రోజులు తాతతో మాట్లాడలేదు.

మళ్లీ మాఘం వచ్చింది. దారిన పోయేవాళ్లని, పూడిమడక నుంచి ఎండుచేపల గంపలతో వచ్చే ఆడవాళ్లని కేకేసి చెరకురసం తాగించడం తాతకి ఎప్పుడూ ఉన్నదే. అందరూ తాగాక ఆఖరి చెంబు ఎవర్నీ ముట్టనిచ్చేవాడు కాదు. "ఉంచండర్రా, ఇంకోడు వత్తాడేమో" అనేవాడు. అంతవరకు చాదస్తమనుకున్నదాన్ని, ఆ ఏడు ఆ మాట విని గానుగ చాటుకి పోయి ఏడ్చాను.

ఇప్పుడు తాత పొలంలో చెరకు లేదు, గానుగ లేదు. అచ్యుతాపురం కంపెనీ బస్సులు అద్దాలు మూసుకుని రయ్యిన పోతుంటాయి. కేకేసి ఆపేవాళ్లూ లేరు. తాత వెళ్లిపోయి ఎన్నేళ్లో అయింది.

ఒక్క అబద్ధమాడితే ఆ రోజు నా పరువు నిలిచేది, తాతకి చప్పట్లు మోగేవి. ముద్దుల మనవరాలు బతిమాలినా ఆడలేదు. అందుకు ఆయనకి ఈ వయసులో మనసారా దండం పెట్టుకుంటాను. పదకొండోవాడి ఊరూ పేరూ నాకు తెలియవు. తాత నిజం చెప్పబట్టి, ఈ భూమ్మీద అతను ఒక్కరికైనా గుర్తున్నాడు.