మా ఇంటి తాళం దాచిన సరంగు మావయ్య

నిన్న పొద్దున ఫోన్ వచ్చేసరికి నేను మా ఐలాండ్‌లోని చాతం జెట్టీలో టికెట్ లైన్‌లో ఉన్నాను.

"అప్పలస్వామి మావయ్య ఇక లేడే," అంది అమ్మ. "టీ తాగుతూ కూర్చున్న మనిషి అలాగే ఒరిగిపోయాడట."

సరే అన్నాను. ఫోన్ బ్యాగ్‌లో పెట్టాను. టికెట్ తీసుకున్నాను. ఫెర్రీ ఎక్కి అవతలి ఒడ్డున బాంబూఫ్లాట్ దాకా వెళ్ళిపోయాను.

ఇంటికి పరిగెత్తాల్సిన దాన్ని అటెందుకు వెళ్ళానో ఇప్పటికీ తెలియడం లేదు.

రిటైరయ్యేదాకా ఆ ఫెర్రీ నడిపిన సరంగు ఆయనే.

డిగ్నాబాద్‌లో మా పక్కిల్లు. చుట్టం కాదు, నాన్న ఫ్రెండ్. నాన్నకి మస్కట్‌లో ఉద్యోగం వచ్చి మేమంతా వెళ్ళినప్పుడు ఇంటి తాళం ఆయన చేతికే ఇచ్చాం. నేనప్పుడు మూడో క్లాసు. మళ్ళీ పెట్టెలతో దిగేసరికి ట్వెల్త్ పాసయ్యాను.

ఇక్కడ కాలేజీకి అప్లై చేద్దామంటే ఏ లైన్‌లో నిలబడాలో అర్థం కాలేదు.

ఫారిన్‌లో చదివినవాళ్ళ కౌంటర్‌లో, "అమ్మానాన్నా తిరిగొచ్చేశారుగా, మీరు లోకల్" అన్నారు.

లోకల్ కౌంటర్‌లో మార్కుల షీటు చూసి, "స్కూల్ తో బాహర్ కా హై, దీదీ" అన్నారు. బయటి స్కూలు కాబట్టి లోకల్ కాదట.

చివరికి ఒక దారి దొరికింది. మా ఇల్లు ఇక్కడే ఉందని, ఉద్యోగం కోసం వెళ్ళి తిరిగొచ్చామని పక్కింటివాళ్ళు సాక్ష్యం చెబితే ఐలాండ్ వాళ్ళ సీటుకు నేనూ అర్హురాలినే.

ఎంక్వయిరీకి ఆఫీసు నుంచి ఒకాయన వచ్చారు. మావయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ వచ్చాడు. నేను లోపల టీ పెడుతున్నాను.

"ఈ పిల్ల ఎక్కడికీ ఎల్లనేదు సార్. కభీ నహీ గయీ. ఇక్కడే పెరిగింది."

చెప్పి, సంతకం కూడా పెట్టేశాడు.

సర్టిఫికెట్లేమో మస్కట్ అంటున్నాయి. సాక్షేమో డిగ్నాబాద్ అంటున్నాడు. ఫైల్ ఆగిపోయింది. సరిచేసేలోపు సీట్లు నిండిపోయాయి. నాకిష్టం లేని కోర్సులో చేరడానికి వైజాగ్ షిప్ ఎక్కాను.

ఎక్కే ముందు అరిచాను కూడా. "ఎందుకలా అబద్ధం చెప్పావు మావయ్యా?"

ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు.

"అబద్దమేటే? తాళం నా కాడుంది. రోజూ సందేల మీ ఇంట్లో దీపం నానే ఎట్టినాను. దీపమెలిగే ఇంట్లోంచి మనుసులు ఎల్లిపోయినట్టెలాగవుద్దే, పాగల్!"

పెట్టె తీసుకుని జెట్టీకి వెళ్ళిపోయాను.

కోపం పోలేదు. ఆ మాటా పోలేదు.

డిగ్రీ అయిపోయి నెల క్రితం వచ్చాను. పీజీ ఫారంలో మళ్ళీ అదే కాలమ్: మిమ్మల్ని ఎరిగిన స్థానికుల పేరు, సంతకం.

ఈసారి వీధి చివర టీచర్‌గారిని అడుగుదామనుకున్నాను. మావయ్య గేటు ముందు ఫోన్ చూసుకుంటున్నట్టు నటిస్తూ దాటిపోయేదాన్ని. ఆయన పిలిచేవాడు కాదు. చూసేవాడు.

నిన్న అదే ఫెర్రీలో తిరిగొచ్చి వాళ్ళింటికి వెళ్ళాను. అత్త నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

"మీయమ్మ ఫారం సంగతి సెప్పిందే. అప్పట్నుంచీ నిన్ను పిలవమని నా పానం తీసాడు. ఈపాలి ఏటి సెప్పాలో కాయితం మీద రాసియ్యమను, బట్టీ పట్టేస్తాను అన్నాడు."

పొద్దుట్నుంచీ ఫారం ముందేసుకుని కూర్చున్నాను. ఆ కాలమ్ దగ్గర పెన్ను ఆనించి తీసేస్తున్నాను.

నేనే రాసివ్వాల్సి వస్తే ఏం రాసేదాన్ని? వెళ్ళాననా, వెళ్ళలేదనా?

పక్కిల్లే కదా. పది అడుగులు. ఆయన ఉండగా ఈ నెలంతా ఎందుకు వెళ్ళలేదో అదీ తెలియడం లేదు.

ఈ సాయంత్రం మీ ఇంట్లో దీపం నేను పెడతాను మావయ్యా. నీ లెక్కలో అయితే నువ్వూ ఎక్కడికీ వెళ్ళనట్టే.

ఇంకేం బట్టీ పట్టక్కర్లేదు. హాయిగా పడుకో.